ఇంట్లో పెద్దవాళ్ళు ఫ్లూ వ్యాక్సిన్ వద్దంటుంటే ఎలా మాట్లాడాలి

ఫ్లూ సీజన్ ముందు చాలా ఇళ్ళలో ఇదే గొడవ, పిల్లలేమో వేయించుకోమని వెంటపడతారు, పెద్దవాళ్ళేమో "నాకేమైంది ఇప్పుడు, బానే ఉన్నాగా" అని మాట దాటేస్తారు. అప్పుడు మనం వీడియోలు, లింకులు వరసపెట్టి పంపేస్తాం, వాళ్ళు తెరిచి కూడా చూడరు. నేను చెప్పేది ఒక్కటే, వ్యాక్సిన్ గురించి చెప్పడం మొదలుపెట్టే ముందు అసలు ఎందుకు వద్దంటున్నారో కనుక్కోండి.

డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు కూడా ఈ వెనకాడటాన్ని మూడు రకాలుగా చూశారు: నమ్మకం లేకపోవడం, ఆ జబ్బుని లెక్కచేయకపోవడం, వెళ్ళి వేయించుకోవడం కుదరకపోవడం. మూడోది అయితే పెద్ద పనే లేదు, మీరే అపాయింట్‌మెంట్ తీసుకుని తోడు వెళ్తే చాలు. అందుకే ముందు "ఈ సూది అంటే మీకు ఇబ్బందిగా అనిపించేదేంటి?" అని అడిగి ఊరుకోండి, మధ్యలో అందుకోవద్దు.

అలా వింటే చాలాసార్లు బయటికొచ్చేది వ్యాక్సిన్ సంగతి కాదు, ఆస్పత్రి సంగతి. ఎప్పుడో కౌంటర్ దగ్గర ఎవరో విసుక్కున్నారు, గంటలు గంటలు కూర్చోబెట్టారు, డాక్టర్ మొహం కూడా చూడకుండా మందులు రాసేశాడు, అది మనసులో ఉండిపోయి ఇప్పుడు అక్కడ్నుంచి ఏం చెప్పినా నమ్మాలనిపించదు. ఇక్కడ దయచేసి ఆస్పత్రి తరఫున వాదించకండి. "అలా జరగకూడదు, మీకు కోపం రావడంలో తప్పులేదు" అనండి, అది నిజం కూడా. తర్వాత వేరే చోటు చూడండి, లేదా బీపీకో షుగర్‌కో వాళ్ళు ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ ఉంటారు కదా, వాళ్ళకి ముందే ఫోన్ చేసి మామూలు చెకప్‌లోనే ఈ మాట ఎత్తమని అడగండి. మనం పదిసార్లు చెప్పినదానికంటే నమ్మకమున్న డాక్టర్ ఒక్కసారి "మీరు వేయించుకోండి" అంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక అనుమానాలు. "వేయించుకున్నాకే నాకు ఫ్లూ వచ్చింది" అనేది ఎక్కువగా వినపడేది. ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, ఒళ్ళు నొప్పులు ఒకట్రెండు రోజులు ఉండొచ్చు, అది ఒంట్లో రక్షణ తయారవుతున్నప్పుడు వచ్చేదే. పూర్తి రక్షణకి రెండు వారాలు పడుతుంది, ఆ లోపల ఫ్లూ అంటుకోవచ్చు, వేరే వైరస్‌తో జలుబు కూడా రావచ్చు.

వేయించుకుంటే అస్సలు రాదు అని మాత్రం చెప్పకండి. వ్యాక్సిన్ ఆ ఏడాది తిరిగే వైరస్‌కి బాగా సరిపోయినప్పుడు కూడా డాక్టర్ దాకా వెళ్ళాల్సివచ్చే ఫ్లూని 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది, అంతే, వచ్చినా ముదిరి ఆస్పత్రిలో చేరే అవకాశం తగ్గుతుంది. ఉన్నదున్నట్టు చెప్తే వచ్చే ఏడాది కూడా మీ మాట వింటారు. ప్రతి ఏడాదీ ఎందుకు అంటే వైరస్ మారిపోతూ ఉంటుంది, పాత రక్షణ కూడా తగ్గిపోతుంది, అందుకే డబ్ల్యూహెచ్‌ఓ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి, వ్యాక్సిన్‌లో ఏ వైరస్ రకాలు పెట్టాలో చెప్తుంది.

"జలుబే కదా" అనేవాళ్ళకి భయపెట్టేలా కాకుండా వాళ్ళకి వర్తించేది చెప్పండి. ఫ్లూ వల్ల ఊపిరితిత్తుల ఇబ్బందులతో ప్రపంచంలో ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది దాకా చనిపోతున్నారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. 65 దాటినవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. గుండె జబ్బు ఉన్న నాన్నగారికైతే ఫ్లూ వచ్చిన వారంలో గుండెపోటు ముప్పు బాగా పెరుగుతుందన్న సంగతి చెప్పండి. ఆరు నెలల లోపు పాపాయికి ఈ వ్యాక్సిన్ వేయరు, అమ్మ గర్భంతో ఉన్నప్పుడు వేయించుకుంటే బిడ్డకీ రక్షణ అందుతుంది, ఇంట్లో తాతయ్య నానమ్మ వేయించుకున్నా పాపాయికి మంచిదే. తమకోసం వద్దన్నవాళ్ళు మనవడి కోసం అంటే ఒప్పుకోవడం మామూలే.

ఒప్పుకున్నాక సాగదీయకండి, సీజన్ మొదలవకముందే వెళ్తే మంచిది, ఆలస్యమైనా వేయించుకోవచ్చు. ఆరోజు గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్ళండి, ఇదివరకు ఏ వ్యాక్సిన్‌కైనా తీవ్రమైన అలర్జీ వచ్చుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. సూది వేశాక ఓ పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. మర్నాడు ఫోన్ చేసి చెయ్యి ఎలా ఉందని అడగడం మర్చిపోవద్దు.

ఇంత చేసినా వద్దంటే పోట్లాడకండి, "సరే, ఇంకోసారి మాట్లాడుకుందాం" అని వదిలేసి కొన్నాళ్ళాగి అడగండి. వేయించుకున్నవాళ్ళ పేర్లు, తేదీ, ఏమైనా ఇబ్బంది వచ్చిందా అనేది ఫోన్‌లో రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది డాక్టర్ అడిగితే వెతుక్కునే పనుండదు.