షేవింగ్ నురగలో గ్లిజరిన్ కలపడం ఎలా?

గడ్డం గీసుకున్నాక మెడ మంటపుడితే అందరూ ముందు బ్లేడునే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు నురగది. ఒక చెంప పూర్తయ్యేసరికి రెండో చెంప మీది నురగ ఆరి పొర కడుతుంది. ఫ్యాను కింద కూర్చుంటే ఇంకా తొందరగా ఆరుతుంది. ఆ పొర మీద బ్లేడు జారదు, చర్మాన్ని గీరుతుంది. గ్లిజరిన్‌కు నీటిని పట్టి ఉంచే గుణం ఉంది కాబట్టి, సరిగ్గా కలిపితే నురగ చివరిదాకా తడిగా ఉంటుంది. సరిగ్గా అంటే మూడు నుంచి ఐదు చుక్కలు, అదీ నురగ లేచాకే. ఈ రెండింట్లో ఏది తప్పినా అసలు కలపకపోవడమే నయం.

కావలసినవి: బ్రష్, వెడల్పాటి గిన్నె, షేవింగ్ క్రీమ్ లేదా షేవింగ్ సబ్బు, గ్లిజరిన్, ఒక డ్రాపర్. గ్లిజరిన్ మెడికల్ షాపులో దొరుకుతుంది. లేబుల్ మీద ‘ఐ.పి.’ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణానికి తగ్గది) అని ఉన్న సీసా అడిగి తీసుకోండి. రోజ్‌వాటర్, సెంటు కలిపినవి వద్దు, గీసిన చర్మం మీద చురుక్కుమంటాయి. డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్‌తో ఈ పని కుదరదు. దాన్ని పొంగించేది లోపలి గ్యాసు, బ్రష్‌తో కలియబెడితే కూలిపోతుంది.

క్రీమ్ ట్యూబు మీద పదార్థాల జాబితా ఒకసారి చదవండి. ఎక్కువ ఉన్నవాటి పేర్లు ముందు వేస్తారు. మొదటి మూడు నాలుగు పేర్లలోనే గ్లిజరిన్ కనిపిస్తే రెండు చుక్కలకు మించి అక్కర్లేదు.

ముఖం గోరువెచ్చని నీళ్లతో కడిగి రెండు నిమిషాలు తడిగానే ఉంచండి. బ్రష్ నానబెట్టి విదిలించండి. గిన్నెలో బాదం గింజంత క్రీమ్ వేసి, రెండు చెంచాల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఒకటిన్నర నిమిషం తిప్పండి. పెద్ద బుడగలు మాయమై, బ్రష్ ఎత్తితే నురగ కొన నిలబడి కాస్త వంగాలి.

చాలామంది చెడగొట్టేది ఇక్కడి నుంచే. క్రీమ్‌తో పాటే గ్లిజరిన్ పోసేస్తారు. గ్లిజరిన్ పడగానే నురగకు మెరుపు వస్తుంది, చూడటానికి నీళ్లు సరిపోయినట్టే ఉంటుంది. నిజానికి లోపల నీళ్లు తక్కువే. పట్టి ఉంచడానికి నీళ్లే లేకపోతే గ్లిజరిన్ ఏం చేస్తుంది? అందుకే ముందు నీళ్లతో నురగ పూర్తిగా లేపాలి, ఆ తర్వాతే చుక్కలు.

సీసా వంచి పోయకండి. గ్లిజరిన్ చిక్కగా ఉంటుంది, మూడు చుక్కలనుకుంటే అర చెంచా జారుతుంది. డ్రాపర్‌తో మూడు చుక్కలు నురగ మీద మూడు చోట్ల వేసి, పావు నిమిషం తిప్పి, వేలి మీద కొంచెం తీసి రుద్ది చూడండి. పల్చటి పొరగా జారితే ఆపేయండి. ఇంకా పట్టినట్టు ఉంటే ముందు నాలుగైదు నీటి బొట్లు వేసి చూడండి. అప్పటికీ జారకపోతేనే నాలుగో చుక్క. అయిదు దాటొద్దు.

ఎక్కువైతే ఏమవుతుంది? నురగ గాజులా మెరుస్తూ పల్చబడి మెడ మీదికి కారుతుంది. అంతకంటే ప్రమాదం, చర్మాన్ని లాగిపట్టే వేళ్లు జారిపోతాయి. చర్మం వదులుగా ఉన్నచోట బ్లేడుకు తెగుతుంది, ముఖ్యంగా దవడ కింద. ఇలా అయితే నీళ్లు పోయకండి. శనగగింజంత క్రీమ్ వేసి మళ్లీ తిప్పండి. వేళ్లకు పట్టు దొరకాలంటే తడి పటిక ముక్క మీద ఒకసారి రుద్దుకోండి.

గ్లిజరిన్‌ను నేరుగా ముఖానికి రాసి పైన నురగ పట్టించే పద్ధతి ఒకటి ఉంది, అది మానండి. నీళ్లు కలవని గ్లిజరిన్ చర్మంలోని తడినే లాగుతుంది, కొందరికి మంట కూడా పుడుతుంది. కొబ్బరినూనె కలిపేవాళ్లూ ఉన్నారు. నూనె బుడగలను పగలగొడుతుంది, బ్లేడు సందుల్లో వెంట్రుకలతో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది. గ్లిజరిన్ నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి మగ్గులో ఒకసారి ఆడిస్తే రేజర్ శుభ్రమవుతుంది.

ఎంత తిప్పినా నురగే లేవకపోతే నీళ్లను చూడండి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. దీనికి గ్లిజరిన్ మందు కాదు. నురగ వరకు ఫిల్టరు నీళ్లు వాడండి, అర గ్లాసు చాలు.

గీసేటప్పుడు వెంట్రుకలు మొలిచిన వైపే, ఒత్తకుండా లాగండి. రెండోసారి గీయాలంటే మిగిలిన నురగ మళ్లీ పట్టించండి, కొత్తగా గ్లిజరిన్ వేయొద్దు. అయ్యాక ముఖం రెండుసార్లు చల్లటి నీళ్లతో కడగండి, లేకపోతే జిగటగా ఉండి దుమ్ము పట్టుతుంది. బ్రష్ మొదళ్లలోనూ జిగట మిగులుతుంది, ధార కింద వేళ్లతో విడదీసి కడిగి తలకిందులుగా వేలాడదీయండి. సీసా మూత వెంటనే బిగించండి. తెరిచి ఉంచితే గ్లిజరిన్ గాలిలోని తేమ పీల్చుకుని పల్చబడుతుంది, మీ చుక్కల లెక్క తప్పుతుంది.