ఏ బిస్కెట్ బాగుందో కవర్ తీసేసి తేల్చండి

ఇంట్లో నలుగురు టీకి కూర్చుంటే చాలు, "పార్లే-జీ ముందు ఏదైనా దిగదుడుపే" అని ఒకరు, "మేరీ గోల్డ్ లేకపోతే టీ దిగదు" అని ఇంకొకరు మొదలెడతారు, అది తెమిలేది కాదు. మనం తినేది బిస్కెట్టే అయినా మార్కులేసేది మాత్రం కవర్‌కి, చిన్నప్పటి అలవాటుకి. అందుకే కవర్లు దాచేసి పోటీ పెట్టండి.

ముందు జతలు సరిగ్గా కలపండి. గ్లూకోజ్‌కి గ్లూకోజ్, అంటే పార్లే-జీకి టైగర్. క్రాక్‌జాక్‌కి ఫిఫ్టీ ఫిఫ్టీ. బోర్బన్ అయితే రెండు కంపెనీలవి. మొనాకోనీ డార్క్ ఫాంటసీనీ పక్కపక్కన పెట్టి ఏది బాగుందని అడిగితే పిల్లలు ఏం చెప్తారో మీకు ముందే తెలుసు, ఇక పోటీ ఎందుకు?

కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. పది రూపాయల ప్యాకెట్ ఎప్పుడూ పది రూపాయలే, లోపల గ్రాములే తగ్గుతుంటాయి. ఒకదాంట్లో 80 గ్రాములు, ఇంకోదాంట్లో 50 ఉన్నాయనుకోండి, వంద గ్రాములకి మొదటిది పన్నెండున్నర, రెండోది ఇరవై పడుతుంది. ఈ లెక్క కూడా అక్కర్లేదు, గ్రాముకి ఎంతో ఇప్పుడు ఎమ్మార్పీ దగ్గరే వేస్తున్నారు, కాకపోతే అక్షరాలు చీమ తలకాయంత. వెనక రాసిన పదార్థాల్లో బరువు ఎక్కువున్నది ముందు వస్తుంది, కాబట్టి మైదా తర్వాత చక్కెర ఉందా, పామాయిల్ ఉందా అనేది చూడండి. కవర్ మీద జీడిపప్పు బొమ్మ ఉంటే వెనక దాని శాతం కూడా ఉంటుంది. పలాస జీడిపప్పు డబ్బా ఇంట్లో పెట్టుకుని ఆ శాతం చదివితే మనకి నవ్వు ఆగదు.

ఇక అసలు పని. ఒకరు వంటింట్లో ప్యాకెట్లన్నీ ఒకేసారి విప్పాలి (మన సముద్రం గాలికి ముందు విప్పింది ముందే మెత్తబడిపోతుంది, అది ఆ బిస్కెట్ తప్పు కాదు), ఒకేలాంటి స్టీలు ప్లేట్లలో పెట్టి, పేరు రాసిన కాయితం ప్లేటు అడుగున అంటించాలి. ఆ మనిషికి ఓటు లేదు. బిస్కెట్ మీదే పేరు అచ్చేసి ఉంటుంది కదా, అందుకని ముక్కలు చేసి పెట్టండి. తీపి తక్కువున్నవి ముందు, క్రీమ్‌వి చివర్లో. మధ్యలో ఓ గుటక మంచినీళ్ళు. ఎవరూ పైకి మాట్లాడకూడదు, "ఇదేటి ఇంత చప్పగుంది" అని ఒక్కరన్నారంటే మిగతావాళ్ళ నాలుక్కీ అదే తగుల్తుంది.

టీ పరీక్ష వేరేగా పెట్టండి, దీనికి ముక్కలు పనికిరావు. సగం ముంచి, మనసులో అయిదు లెక్కపెట్టి పైకి తీయండి. గ్లూకోజ్ బిస్కెట్ తడి భాగం నల్లబడి మెల్లగా వంగుతుంది, ఆ క్షణంలో నోట్లో పెట్టుకుంటే అదో రుచి, ఆలస్యం చేస్తే గ్లాసు అడుగున ముద్ద. అయితే విరగకుండా నిలబడ్డదే గొప్పదనుకోవద్దు. కొన్ని గట్టిగానే నిలబడతాయి గానీ తీపంతా టీలో వదిలేసి ఉత్త పిండిలా మిగుల్తాయి. నా ఓటెప్పుడూ వంగేదానికే.

విడిగా అమ్మే సరుక్కి కొలతలు వేరు. మిక్చరో జంతికలో అయితే నాలుగు పలుకులు అరచేతిలో నలిపి వాసన చూడండి, పాత నూనె అయితే అక్కడే దొరికిపోతుంది. స్వీట్ల ట్రే దగ్గర ఎప్పటిలోగా తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబర్ నుంచి రూలుంది, కనపడకపోతే అడగండి, మొహమాటపడకండి. మందస కోవాని ఇంకో కోవాతో పోల్చాలంటే రెండూ ఒకే రోజువి తెచ్చుకుని, వేళ్ళ మధ్య నలిపి పలుకు చూడండి, తిన్నాక నాలుక మీద ముందు పాలు తెలియాలి, చక్కెర తర్వాత. భీమాళి మామిడి తాండ్రని వీటితో పాటు పెట్టొద్దు, ఆ పులుపు తగిలాక ఏ బిస్కెట్టూ నిలవదు. దానికి ఇంకో రోజు చూసుకోండి, ముక్క అంచు దగ్గర పొరలు విడివిడిగా కనిపిస్తున్నాయా లేదా అన్నది ముందు చూసి.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో బళ్ళ మీద కొనే బెల్లం జీళ్ళకి మాత్రం ఈ పరీక్షలేవీ పెట్టకండి, పక్కవాడు మనల్ని పిచ్చోడనుకుంటాడు.