లోలకం పాఠం: జవాబు ముందే చెప్పకుండా ఫెట్ సిమ్యులేషన్‌తో ఎలా చేయించాలి?

క్లాసుకి పెద్ద స్క్రీన్ వచ్చినా చాలాచోట్ల జరిగేది ఒకటే. టీచర్ వీడియో పెడతారు, పిల్లలు చూస్తారు. పిల్లలే పరీక్షించి తేల్చుకోవాలంటే ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు, బాగా పనికొస్తాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, కొన్ని సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. లోలకం పాఠంతో మొదలుపెట్టండి.

1. 'పెండ్యులమ్ ల్యాబ్' ఫైలుని ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ ఆపేసి ఓసారి తెరిచి చూడండి. అసలే పీరియడ్ మొదలయ్యే టైముకే నెట్ పోతుంది!

2. ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "దారానికి కట్టిన గుండు బరువు రెట్టింపు చేస్తే, ఒక డోలనానికి పట్టే టైమ్ పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా?" బోర్డు మీద సూత్రం రాయకండి.

3. ఎవరి ఊహ వాళ్లని నోట్సులో రాయమనండి, కారణంతో సహా. తర్వాత చేతులెత్తించి, దేనికి ఎంతమందో బోర్డు మీద వేయండి. టైమ్ చాలకపోతే ఇంకేదైనా వదిలేయండి గానీ ఇది మాత్రం వద్దు. ముందు బెంచీ పిల్లలు టక్కున సరైన జవాబు చెప్పినా "కరెక్ట్" అనకండి. "ఎందుకు?" అని అడిగి ఊరుకోండి.

4. ఇప్పుడు స్క్రీన్ ఆన్ చేసి, మౌస్ పిల్లల చేతికివ్వండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పొడవు 0.70 మీటర్ల దగ్గరే ఉంచి, బరువు అర కిలో పెట్టి ఒకసారి, కిలో పెట్టి ఒకసారి చూడమనండి. ఒక్క డోలనాన్ని కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమే తేడా చూపిస్తుంది. పది డోలనాలు లెక్కపెట్టి పదితో భాగిస్తే మేలు. అటు వెళ్లి తిరిగి మొదటి చోటికి వస్తేనే ఒకటి. సగానికే "ఒకటి" అనేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. రెండు బరువులకీ దాదాపు 1.68 సెకన్లే వస్తుంది.

5. ఇక పొడవు. మీటరు లోలకానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. "సరిగ్గా ఒక సెకను రావాలంటే దారం ఎంత ఉండాలి?" అనండి. ఎక్కువమంది అర మీటరే అంటారు. పెట్టి చూస్తే 1.42 వస్తుంది. గోల మొదలవుతుంది, కాసేపు కానివ్వండి. తగ్గించుకుంటూ పోయి పావు మీటరు దగ్గర ఆగుతారు. డోలనానికి పట్టే టైమ్ సూత్రంలో పొడవుకి వర్గమూలం ఎందుకుందో చెప్పాల్సింది అప్పుడే.

6. సిమ్యులేషన్‌ని నడిపేదీ సూత్రమే కదా, అందుకే అక్కడితో ఆపొద్దు. కిటికీ ఊచకి దారం కట్టి, రాయి వేలాడదీసి, ఫోన్లో టైమ్ చూడమనండి. పొడవుని రాయి మధ్య వరకు కొలవాలి.

ఎవరికైనా టైమ్ బాగా ఎక్కువొస్తే తప్పని కొట్టేయకండి. ఎంత కోణం నుంచి వదిలారో అడగండి. 10 డిగ్రీల లోపు తేడా కనపడదు, 90 డిగ్రీల నుంచి వదిలితే దాదాపు 18 శాతం పెరుగుతుంది. తర్వాతి పీరియడ్‌కి ప్రశ్న అదే.