నీరు తీసిన తర్వాత: సంఘంతో కలిసి వరద సేవకు వెళ్లేవారికి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు ఆహార పొట్లాలు, నీళ్ల సీసాలు చాలా వచ్చాయి. నీరు తీశాక ఇళ్లలో మిగిలిన బురద మాత్రం వేరే కథ. దాన్ని కడగడానికి ప్రభుత్వం అగ్నిమాపక శకటాలనే దించవలసి వచ్చింది. చర్చి సంఘం తరఫున సేవ చేయదలచినవారు పొట్లాలు పంచడం కన్నా ఈ బురద పనికి సిద్ధపడటమే మేలని నా అభిప్రాయం.

ముందుగా పాస్టరు గారితోనో సంఘ పెద్దలతోనో మాట్లాడి పేరు నమోదు చేయించుకోవాలి. వార్డు సచివాలయంతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగిస్తే, అందరూ ప్రధాన రహదారి పక్కనే పోగుపడకుండా లోపలి సందులకు కూడా మనుషులు చేరతారు. మునిగిన పేటలోనే ఒక సంఘం ఉంటే, ఒంటరి వృద్ధులు, మంచం పట్టినవారు ఏ ఇళ్లలో ఉన్నారో అక్కడి విశ్వాసులకు తెలిసే ఉంటుంది. అయితే ఆ జాబితా విశ్వాసుల ఇళ్లతోనే ఆగకూడదు. సహాయాన్ని మత ప్రచారానికి వాడకూడదని 1994 నాటి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ప్రపంచ చర్చిల మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సేవా సంస్థ కారితాస్ ఆ నియమావళిని ముందుకు తెచ్చిన సంస్థలలో ఉన్నాయి. కనుక కరపత్రాలు ఇంట్లోనే ఉంచి బయలుదేరాలి. ఇంటివారు తామై అడిగితే ప్రార్థన చేయవచ్చు, అంతే.

ఆరుగురు, ఎనిమిది మంది చొప్పున జట్లుగా విడిపోవడం, ప్రతి జట్టులో ఇద్దరు ముగ్గురు స్త్రీలు ఉండేలా చూడటం మంచిది. పారలు, తట్టలు, బకెట్లు, చీపుర్లు, రబ్బరు తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు వెంట తీసుకెళ్లాలి. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో చూసుకోవాలి. కాళ్లకు తెరిచిన పుండ్లున్నవారు బురదలో దిగకుండా వంటపని చూసుకోవచ్చు. తాగునీరు, భోజనం మనవే అయి ఉండాలి. గిన్నెలన్నీ కొట్టుకుపోయిన ఇల్లాలిని టీ అడిగే పరిస్థితి రాకూడదు.

ఇంట్లో అడుగుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి ఉందని నిర్ధారించుకోవాలి. స్విచ్ బోర్డు తడిసి ఉంటే, లేదా స్విచ్ దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లవలసి వస్తే, లైన్‌మన్ వచ్చేదాకా ఆగాలి. మంచాల కింద, బీరువాల వెనుక పాములు చేరతాయి కాబట్టి చేయి పెట్టకుండా ముందు కర్రతో కదిలించి చూడాలి.

తరువాతి పనిని ఉత్సాహం కొద్దీ మరచిపోతుంటారు: దేన్నీ కదల్చకముందే ప్రతి గదిని, గోడ మీది నీటి చారతో సహా, ఇంటివారి ఫోనులోనే ఫొటోలు తీయాలి. విజయవాడలో నేల అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించారు. ఇలాంటి పరిహారానికి నష్టం నమోదు కావాలి. సిబ్బంది రాకముందే మనం శుభ్రంగా కడిగిపెడితే ఆ కుటుంబానికి ఆధారం మిగలదు. చినిగిన పరుపైనా సరే, అడగకుండా పారేయకూడదు. దాని కింద ఆధార్ కార్డో, పాస్‌బుక్కో, పిల్లల సర్టిఫికెట్లో ఉండవచ్చు. అంటుకున్న కాగితాలను బలవంతంగా విడదీయకుండా నీడలో, గాలికి ఆరబెట్టాలి.

బురదను పచ్చిగా ఉన్నప్పుడే ఎత్తేయాలి, ఆరితే గట్టిపడి పని రెట్టింపవుతుంది. లోపలి గది నుంచి వీధి వైపుకు లాగి, కాలువలో పడకుండా ఒక పక్క కుప్ప వేయాలి. ఆ తర్వాత నేలను కడిగి, తలుపులు బార్లా తెరిచి బ్లీచింగ్ ద్రావణం చల్లాలి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది కాబట్టి ఆ రెండింటినీ ఒకే చోట వాడరాదు.

సాయంత్రం సబ్బుతో ఒళ్లు కడుక్కున్నాకే తినాలి. తర్వాతి రోజుల్లో జ్వరం, కండరాల నొప్పి వస్తే వరద నీటిలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి, ఎలుక జ్వరం కావచ్చు. సగం అయిన ఇళ్లు, ఎవరికి ఏ మందులు కావాలో ఒక పుస్తకంలో రాసి మర్నాటి జట్టుకు అందజేయాలి. లేకపోతే వారు మళ్లీ మొదటి ఇంటి తలుపే తడతారు.