కొయ్య ఓడ నమూనాకు తాళ్లు కట్టే ముందు జాగ్రత్తలు

1:96 స్కేలులో బ్రిటన్ పాత యుద్ధనౌక విక్టరీ లాంటి, మూడు మాస్టుల (తెరచాప స్తంభాల) ఓడ కడుతున్నారనుకుందాం.

• మాస్టులు, యార్డులు (తెరచాపలు వేలాడే అడ్డ కొయ్యలు) బల్ల మీద ఉండగానే కప్పీలన్నీ కట్టేయండి. ఒకటి మరిచిపోతే తర్వాత తాళ్ల మధ్య పట్టకారు దూర్చాల్సిందే.

• కదలని తాళ్లకు ముదురు గోధుమ లేదా నలుపు, తెరచాపలను నడిపే తాళ్లకు లేత రంగు దారం. నూగు ఉంటే తేనెమైనం పట్టించండి.

• ష్రౌడ్లు, అంటే మాస్టును రెండు పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్లు, జతలుగా వేయాలి: ముందు కుడివైపు మొదటి జత, తర్వాత ఎడమవైపు. ఒకే వైపు వరసగా బిగిస్తే మాస్టు అటు వాలుతుంది. అన్నీ సమానమయ్యేదాకా డెడ్‌ఐల (ష్రౌడ్ల కింది కొసన ఉండే రంధ్రాల చెక్క బిళ్లల) లాన్‌యార్డులకు, అంటే వాటిని బిగించే సన్న తాళ్లకు, జిగురు పెట్టొద్దు.

• అసలు చిక్కంతా ష్రౌడ్లకు అడ్డంగా కట్టే, నిచ్చెన మెట్ల లాంటి ర్యాట్‌లైన్ల దగ్గరే. వెనక 4 మి.మీ. గీతల అట్ట పెట్టండి. అంచుల్లో తప్ప మిగతా ష్రౌడ్లకు క్లోవ్ హిచ్ (రెండు చుట్లు తిప్పి వేసే) ముడి. ముడి బిగిస్తూ దారాన్ని పక్కకు లాగితే ష్రౌడ్లు లోపలికి వంగి, వరస నడుము సన్నబడుతుంది. ఆ వంపు మొదలైన మెట్టు దాకా కోసి మళ్లీ కట్టడమే మార్గం. పైన ఎంత సర్దినా దాగదు. ముందుగానే ష్రౌడ్లకు అడ్డంగా సన్నని వెదురుపుల్ల కట్టి ఉంచితే ఈ బాధ తగ్గుతుంది.

• సూపర్‌గ్లూ వద్దు. దారం పెళుసెక్కి తెల్లమచ్చ పడుతుంది. నీళ్లు కలిపిన పీవీఏ (తెల్లటి చెక్క జిగురు) చాలు. తప్పు జరిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, మెత్తబడ్డాక విప్పుకోవచ్చు.

• కొసలు వెంటనే కత్తిరించకండి.