వెబ్‌సైట్ పని ఒప్పుకునే ముందు ఒక వాట్సాప్ మెసేజ్

వెబ్ డిజైన్ కొత్తగా నేర్చుకుని తిరుపతిలో లాడ్జీలకీ ట్రావెల్స్‌కీ సైట్లు చేసేవాళ్లకి తెలిసిన తలనొప్పే ఇది, "ముందు చేసి చూపించు, డబ్బులదేముంది" అంటారు, చూపించాక ఫొటో మార్చు, రంగు మార్చు అని నెలల తరబడి ఫోన్లు.

నేనిప్పుడు ఇలా చేస్తున్నా. ముందు ఒక్క పేజీ మాత్రం చేసి గిట్‌హబ్ పేజెస్‌లో (చిన్న సైట్లు నెట్‌లో పెట్టుకోనిచ్చే సర్వీసు) ఉచితంగా పెట్టి ఆ లింకు ఓనర్ ఫోన్‌లోనే తెరిచి చూపిస్తా. తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పుల రేట్లు, కింద నొక్కితే కాల్ వెళ్లే బటన్, అంతే. ఫొటోలు స్క్వూష్‌లో (ఫొటో సైజు తగ్గించే ఉచిత వెబ్‌సైట్) వెబ్‌పీగా, అంటే తక్కువ సైజులో ఉండే ఫొటో ఫార్మాట్‌లోకి, మార్చి ఒక్కోటి 200 కేబీ లోపు ఉంచండి, ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫొటో అలాగే పెడితే బస్సులో వచ్చే యాత్రికుడికి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. నచ్చిందంటే అక్కడే నిలబడి వాట్సాప్‌లో ఒక మెసేజ్: మొత్తం 6,000 రూపాయలు, సగం ఇప్పుడు, మిగతా సగం సొంత డొమైన్ (సైట్ అడ్రస్) మీదికి ఎక్కించే ముందు, మార్పులు రెండు విడతలు, ఆపైన విడతకి 300. డొమైన్, హోస్టింగ్ (సైట్‌ని నెట్‌లో ఉంచే చోటు) ఖర్చు వేరు, అవి ఆయన పేరు మీద, ఆయన మెయిల్‌తోనే కొనాలి. దానికి ఆయన "సరే" అని టైప్ చేసి పంపేదాకా రెండో పేజీ ముట్టుకోను.

చుట్టాల దగ్గర ఇది నడవదు, అది వేరే సంగతి. ఇంకోటి, ఆన్‌లైన్‌లో గది బుకింగ్, పేమెంట్ కావాలన్నవాళ్లకి ఈ రేటు చెప్పకండి, ఆ పని చాలా పెద్దది. గిట్‌హబ్ పేజెస్‌ని వ్యాపారానికి ఉచిత హోస్టింగ్‌గా వాడకూడదని వాళ్ల నియమాల్లోనే ఉంది, కాబట్టి డెమో వరకే.