మోటారు షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై బిగించే ముందు జాగ్రత్తలు

వంశధార గట్టు మీద మోటారు షెడ్డులోనో, పలాస జీడి ఫ్యాక్టరీలోనో రాత్రీ పగలూ నడవాల్సిన రాస్ప్‌బెర్రీ పై అనే ఈ చిన్న కంప్యూటర్‌కి మెమరీ కార్డే డిస్కు. బిగించే ముందే ఇవి చూసుకోండి.

• కార్డు అసలుదేనా? పైన 64 జీబీ అని ఉండి లోపల 8 జీబీయే ఉండే నకిలీలు ఉన్నాయి. మొత్తం నింపి, తిరిగి చదివి చూడండి. సీసీ కెమెరాల కోసం అమ్మే హై ఎండ్యూరెన్స్ రకం (ఎక్కువ రాతలు తట్టుకునేది) మేలు.

• రాతలు తగ్గించండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫ్లాష్‌లో, అంటే కార్డు లోపలి మెమరీలో, రాసిన చోటే మళ్లీ రాయాలంటే ముందు ఆ బ్లాకు మొత్తం చెరపాలి. ఆ చెరపడానికీ ఒక లెక్క ఉంది: సెల్‌కు ఒక్క బిట్ దాచే ఎస్ఎల్‌సీ దాదాపు 1,00,000 సార్లు తట్టుకుంటుంది. మూడు బిట్లు దాచే టీఎల్‌సీ మాత్రం కొన్ని వేల సార్లకే అరిగిపోతుంది. మామూలు కార్డుల్లో ఎక్కువగా ఉండేది ఈ రెండో రకమే. అందుకే లాగ్ ఫైళ్లను (సిస్టమ్ తన పనుల గురించి రాసుకునే చిట్టాలను) ర్యామ్‌లోకి మార్చండి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డును వాడుకోవడం) ఆపేయండి, కార్డును మౌంట్ చేసే సెట్టింగుల్లో నోఏటైమ్ పెట్టండి (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయాన్ని కార్డు మీద రాయకుండా). సిస్టమ్ భాగాన్ని రీడ్ ఓన్లీగా (చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా) ఉంచగలిగితే ఇంకా మంచిది.

• కరెంటు. నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. కార్డు మీద రాస్తుండగా పోతే ఫైల్ సిస్టమే (ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే అమరిక) చెడిపోవచ్చు. 2018 తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వాళ్లకి కరెంటు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్న యూపీఎస్ తప్పకుండా పెట్టండి, అది అయిపోయేలోపు సిస్టమ్ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా చూడండి.

• కార్డుకి నకలు తీసి, దానితో బూట్ అవుతోందో లేదో చూసి, పెట్టెలోనే ఉంచండి.